రాడ్ మీది జిగురు

ఆ రోజు ధర్సీవా నుంచి రాయ్‌పూర్ వచ్చే బస్సులో కూర్చుని ఫోన్‌లో మా ఆయన్ని కసురుకుంటున్నాను. ఉర్లా ఫ్యాక్టరీలో ఇనుప దూలం పడి ఆయన కాలు విరిగితే లోపల రాడ్ వేశారు. ఏడాదైనా పుండు మానలేదు. మాత్రలు వాడినన్నాళ్ళూ ఆరుతుంది, ఆపగానే మళ్ళీ చీము.

"దొంగచాటుగా వంకాయ తిన్నారు, అంతేగా?" అని ఫోన్ పెట్టేశాను.

పక్క సీటులోని పెద్దావిడ తెలుగులోనే పలకరించి, ఆయన కాలి సంగతంతా అడిగి తెలుసుకున్నారు. "నర్సుగా చేసి రిటైరయ్యానమ్మా. తప్పు వంకాయది కాదు." నా పాత నీళ్ళ సీసా అడిగి తీసుకుని, మూత తీసి, అంచు లోపల వేలితో రుద్ది చూపించారు. వేలికి జిగురు అంటుకుంది.

"రోజూ నీళ్ళతో కడుగుతావు కదా, ఇది పోయిందా? సూక్ష్మజీవులు రాడ్ మీద కూడా ఇలాగే పొర కట్టుకుని దాక్కుంటాయి. మందు లోపలిదాకా పోదు. ఎముక అతికి ఉంటే రాడ్ తీసేయొచ్చేమో డాక్టరు గారిని అడుగు. ఆయన్ని మాత్రం ఏమీ అనకు తల్లీ."

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దగ్గర ఆవిడ దిగిపోయారు. పేరైనా అడగలేదు.

తర్వాత డాక్టరు కూడా అదే అన్నారు. రాడ్ తీసి, ఎముక శుభ్రం చేసి, చాలా వారాలు మందులిచ్చాక పుండు మానింది. ఆయన ఇప్పటికీ కొంచెం కుంటుతారు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. ఇంటికి రాగానే ఆవిడ మాటలు చెప్పి, "తప్పు మీది కాదట" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి భుజాలు కదలడం కనిపించింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను గానీ, చెయ్యి వేసే ధైర్యం రాలేదు.