వాసానికి కట్టిన ఇంటిపన్ను

మా ఊరి వీధిదీపాల సంగతి ముందు చెప్పాలి. ప్రాణహితకు మరాఠీ వైపు ఒడ్డున, సిరొంచకు ఇవతల మాదొక చిన్న పంచాయతీ. స్తంభాలున్నాయి, తీగలున్నాయి, బల్బులు మాత్రం ఒకటి వెలిగితే రెండు వెలగవు. గాలి వచ్చిందంటే ఆ ఒక్కటీ లేదు. అలాంటి దీపాలకు మేం కరెంటు బాకీ పడ్డామట! ఆ బాకీ పేరు చెప్పి ప్రభుత్వం మా ఇంటిపన్ను మీద చెయ్యి వేసింది. మా ఊరికి పట్టిన శని అక్కడ మొదలైంది.

అప్పుడు నేను పంచాయతీ సభ్యురాలిని. సర్పంచి మా వదిన, అంటే మా అన్న భార్య. నేను ఊళ్లో పుట్టి ఊళ్లోనే మెట్టినదాన్ని, కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వాడకట్టు. ఇద్దరం ఒకప్పుడు మిరప చేలలో పక్కపక్క సాళ్లలో కూలి చేసినవాళ్లమే. పొద్దున లేస్తే పోట్లాట, పొద్దుగూకితే ఒకే గిన్నెలో చాయ్. సర్పంచి అయ్యాక ఆమె పంతం పట్టి చేసిన పని ఒక్కటే, ఊరి నల్లాలు ఆగకుండా చూడటం. ఏటి ఒడ్డున ఉండి నీళ్లకేం కరువని అడిగేవాళ్లకు మా బోరింగు నీళ్లు తాగించాలి. నోట్లో పోసుకుంటే తుప్పు వాసన. బావి మీద మోటరు నడిచి ట్యాంకు నిండితేనే మాకు తాగే నీళ్లు. ఆ మోటరు కాలితే బాగు చేయించేదీ, దాన్ని నడిపే మనిషికి జీతమిచ్చేదీ ఊరివాళ్లు కట్టే ఇంటిపన్నుతోనే. ఇక్కడ దాన్ని మరాఠీ మాటతో ఘర్‌పట్టీ అంటారు. పత్తి, మిర్చి అమ్మి చేతిలో నాలుగు పైసలు ఆడేటప్పుడు, హోలీకి ముందు కట్టేవాళ్లం.

ఆ ఏడు మిర్చి ఇంకా కల్లాల్లో ఉండగానే గ్రామసేవక్ కబురు మోసుకొచ్చాడు. పంచాయతీ లెక్కాపత్రం చూసేది అతనే. ఆష్టి వైపు మనిషి, ఇక్కడి మాట బాగానే పట్టుకున్నాడు.

"తాయీ, పైనుంచి ఆదేశ్ వచ్చింది. దీపాల బాకీ ఇగ మనల్ని అడగరు. ఖాతాల పైసలు పడంగనే వాళ్లే కోసుకుంటరు" అన్నాడు. వదినను అతను మరాఠీలో అక్కా అన్నట్టు తాయీ అంటాడు.

"ఊరు మాది, పన్ను మాది. అడగకుంట ఎట్ల కోస్తరు?" అంది వదిన.

"జిమల్‌గట్ట అవతల ఒక ఊర్ల కోసిండ్రు. పన్ను మొత్తం పోయింది తాయీ."

"కంచే చేను మేస్తే ఇగ ఎవనికి చెప్పుకోవాలె?"

అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకుని, బస్సుకు ఆలస్యమవుతోందని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సభ్యులమంతా వదిన వాళ్ల అరుగు మీద చేరాం. పన్ను పోతే మోటరు పోతుంది, మోటరు పోతే మళ్లీ తుప్పు నీళ్లే. అది అందరికీ తెలిసిందే.

"ఖాతాల ఏస్తేనే గద కోసేది. ఏసుడే బంద్ చేస్తే?" అంది వదిన.

"ఇంట్ల పెట్టుకుంటే నిలుస్తదా వదినె? మా ఆయన కంట్ల పడితే అంతే సంగతులు" అన్నాను.

"మీ ఆయన సంగతి ఊరందరికి ఎరుకేగని, పోచమ్మ పేరు మీద ముడుపు కట్టుండ్రి. ఎవడు ముడుతడో నేనూ చూస్త."

అందరం నవ్వాం. నవ్వాం గానీ ఆ మాట అందరికీ నచ్చింది. పసుపు గుడ్డలో డబ్బు మూటగట్టి మొక్కుకుంటే, ఆ మొక్కు తీరేదాకా మా దగ్గర ఎవరూ విప్పరు. పస్తు పడుకుంటారు గానీ విప్పరు. అట్లా ఊరు ఊరంతా ఇంటిపన్నును ముడుపు కట్టి, ఇంటి వాసానికి వేలాడదీసింది. పైవాళ్ల కోత ఆగాలి, మా పన్ను మా మోటరుకే పోవాలి, ఇదే మొక్కు. మోటరు నడిపే అతనికి జీతం బదులు ఇంటింటా ఇన్ని వడ్లు పోశాం.

గ్రామసేవక్ ఎప్పటిలాగే పన్ను బిల్లులు ఇంటింటికీ ఇచ్చి సంతకాలు తీసుకున్నాడు. వదినకు ఇచ్చేటప్పుడు మాత్రం, "లోకుల సంగతి వేరే తాయీ. మీరు మెంబర్లు కట్టుండ్రి. నియమ్ ఉన్నది" అన్నాడు.

"మేం కట్టి, లోకులను కట్టకుండ్రి అంటే మొఖం మీద ఉమ్మరా?"

ఆ నియమం ఏమిటో అతను చెప్పలేదు, మాలో ఒక్కరూ అడగలేదు. మార్చి దాటింది. ఖాతాలో చిల్లిగవ్వ లేదు. ఇప్పుడేం కోస్తారు, గాలి కోస్తారా, అని నల్లాల దగ్గర ఆడవాళ్లు పకపకా నవ్వుకున్నారు.

ఎండలు ముదిరాక ఒక జీపు వచ్చింది. తెల్ల చొక్కా వేసుకున్న అధికారి దిగాడు, వెనక గ్రామసేవక్. అతను మా ఎవరి మొహమూ చూడటం లేదు. అధికారి వదిన అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. చాలా బాగుందని మెచ్చుకున్నాడు. కసిరే అధికారులను చూశాం గానీ మజ్జిగ మెచ్చుకునే అధికారిని మా ఊరు చూడలేదు.

"ఈ ఏడు మీరు ఘర్‌పట్టీ కట్టలేదని విన్నాను తాయీ, నిజమేనా?" అని మరాఠీలో మెల్లగా అడిగాడు.

"నిజమే సాహెబ్! నేను కట్టలే. మా మెంబర్లు ఒక్కలు సుత కట్టలే. కడితే మీరు కోసుకుంటరు గద!" అని వదిన వచ్చిన మరాఠీలో గట్టిగా చెప్పి, పైన వాసం వైపు చెయ్యి చూపించింది.

అతను లేచి, తల పైకెత్తి, ముడుపును ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. ఎంత పద్ధతిగా కట్టారని కూడా అన్నాడు. తర్వాత సభ్యులను ఒక్కొక్కరినే అడిగాడు. బడిలో హాజరు చెప్పినట్టు అందరం, "నేనూ కట్టలేదు, నేనూ కట్టలేదు" అన్నాం. అదే మాట రాయించుకుని సంతకాలు చేయించుకున్నాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా!

జీపు స్టార్టయ్యాక గ్రామసేవక్ ఒక్క క్షణం వెనక్కి వచ్చాడు.

"ఎందుకు చెప్పిండ్రు తాయీ? బిల్లు తీసుకున్న మెంబర్ గడువుల తన పన్ను కట్టకపోతే మెంబర్‌గిరి పోతది. సర్పంచి అయినా అంతే" అని, హారన్ మోగితే పరుగెత్తాడు.

వదిన అరుగు మీదే కూర్చుండిపోయింది. ఆ గడువు అప్పటికే దాటిపోయింది.

వానలు పడ్డాయి, నాట్లు అయ్యాయి, ఏ కబురూ లేదు. కబురు లేకపోయే కొద్దీ మాకు భయం పెరిగింది. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, వదిన కలుపు తీసే చెయ్యి ఆగిపోయేది. "నీకేం గాదు వదినె" అనేదాన్ని. నా మాట మీద నాకే నమ్మకం లేదు. కోతల నాటికి కాగితం వచ్చింది. సర్పంచితో సహా సభ్యులందరి పదవులూ రద్దు. ఇక పంచాయతీని నడిపేది తాలూకా నుంచి వచ్చే ప్రశాసక్ అనే అధికారి. ఆయన మనుషులు వచ్చి పంచాయతీ తాళాలతో పాటు మోటరు గది తాళమూ పట్టుకుపోయారు. మోటరు నడిపే అతని దగ్గర ఒక చెవి మాత్రం వదిలారు.

శివరాత్రి దాటగానే మోటరు కాలింది. బాగు చేయించమని ప్రశాసక్‌ను అడిగితే పంచాయతీ ఖాతాలో పైసా లేదన్నారు. ఆ తెల్లవారి వాడకట్టంతా వదిన వాకిట్లో చేరింది.

"మొక్కు లేదు గిక్కు లేదు, ముడుపులు విప్పుదాం. మోటరును సిరొంచకు తీస్కపోదాం. నువ్వు ఊ అను, చాలు" అన్నారు అందరూ.

వదిన లోపలినుంచి స్టూలు తెచ్చి తన ముడుపు కింద వేసింది. ఎక్కబోతుండగా ఊరి మొదట్లో మైకు వినబడింది. ఘర్‌పట్టీ కట్టని ఇంటికి ఏ దాఖలా, అంటే సర్టిఫికెట్టు, ఇవ్వరట, ప్రభుత్వ ఇల్లు కట్టుకునేవాళ్లకు తర్వాతి కిస్తీ రాదట. మైకు ఆటో వెనకే వసూలు మనుషులు ఇల్లిల్లూ తిరుగుతున్నారు.

వదిన ఎదురింట్లో భర్త పోయిన ఒక ఆమె ఉంటుంది. ప్రభుత్వ ఇల్లు మంజూరై గోడలు లేచాయి, కప్పు పడలేదు. ఆమె తన ముడుపు చేత్తో పట్టుకుని వచ్చి మెట్టు కింద నిలబడింది.

"అక్కా, మోటరుకియ్యాల్నా, గీళ్లకియ్యాల్నా? నువ్వు కట్టుమంటే కట్టిన. నువ్వే చెప్పు."

వదిన ఆ కప్పులేని గోడల వైపు చూసింది.

"గీళ్లకే ఇయ్యుండ్రి" అంది.

"ఏంది వదినె! గియ్యాల దాక దాచింది గందుకేనా? వాళ్ల చేతుల పోసుడేనా?" అని నేను అరిచాను.

"నోర్ముయ్యి పిల్ల. వానలొస్తే దాని పిల్లలు యాడ పండాలె? నీ ఇంట్ల పండుకోబెడ్తవా?"

ఊరంతా ముడుపులు విప్పింది. విప్పేటప్పుడు ముసలమ్మలు పోచమ్మకు లెంపలు వేసుకున్నారు. డబ్బు ఖాతాలో పడింది, ఆ వారంలోనే మొత్తం దీపాల బాకీ కింద కోతకు పోయింది. ఆ మాట చెప్పడానికి వచ్చిన గ్రామసేవక్, వదిన ఇచ్చిన చాయ్ కూడా ముట్టలేదు.

మర్నాడు ఎదురింటి ఆమె బిందె పట్టుకుని వచ్చింది. పన్ను రసీదు కొంగున ముడివేసి ఉంది.

"పైసలైతే కట్టినం అక్కా. మరి మోటరెప్పుడు చేపిస్తరట?"

వదిన లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఊరి మనిషి గుమ్మంలో ఉండగా ఆమె తలుపు వేసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఎదురింటి ఆమె ఖాళీ బిందెతో అక్కడే నిలబడి, చివరికి నా మొహం చూసింది.