పది లక్షల ఒకటి

తొమ్మిదో తరగతిలో ఒకరోజు మా లెక్కల మాస్టారు బోర్డు మీద పది లక్షల ఒకటి వేశారు. పాడేరు దగ్గర గిరిజన బాలికల హాస్టల్ బడి మాది. ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చినాయన. రెండుతో మొదలుపెట్టి పదమూడు దాకా భాగించి, ఏదీ నిశ్శేషంగా పోలేదు కాబట్టి ఇది ప్రధాన సంఖ్య అని తేల్చేశారు.

పదమూడు దగ్గరే ఎందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని పదిహేడు, పంతొమ్మిది అంటూ ముందుకు పోయాను. నూటొకటి దగ్గర శేషం సున్నా వచ్చింది. మర్నాడు క్లాసులో లేచి ఆ మాటే చెప్పాను. ఆయన నా లెక్క చూడనైనా చూడలేదు.

"ఏటే గుంటా, నాకే లెక్కలు సెప్తన్నావా? కొండ మీద పసుపు తవ్వుకోడానికి నీకివన్నీ ఎందుకు?"

క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్ళూ కొండపిల్లలే. ఆ పూటంతా నన్ను వానలో నిలబెట్టారు. విశాఖలో గణిత పోటీకి నాకు బదులు ఇంకో అమ్మాయిని పంపారు. చదువు మీద ప్రేమతో ఎమ్మెస్సీ దాకా వచ్చానని సభల్లో చెబుతుంటాను. అబద్ధం. కోపంతో చదివాను.

కిందటేడు పాడేరులో టీచర్లకు శిక్షణ పెట్టారు. నేర్పేది నేను. వెనక వరుసలో ఆయన కనిపించారు, జుట్టంతా తెల్లబడి, రిటైర్మెంటుకు దగ్గరపడి. నన్ను గుర్తుపట్టలేదు. అదే సంఖ్య వేసి, ప్రధానమో కాదో చెప్పమని ఆయన్నే పిలిచాను. ఈసారీ పదమూడు దాకానే చూసి, ప్రధానమే అన్నారు.

"దీని వర్గమూలం వెయ్యి దాటుతుంది మాస్టారూ. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో చూడాలి కదా," అన్నాను.

ఆయన భాగిస్తూ పోయారు. బోర్డు నిండితే తుడిచి మళ్ళీ రాశారు. టీ వచ్చింది, చల్లారిపోయింది. చివరికి నూటొకటితో పోయింది. భాగఫలం తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి. కూర్చోబోతుంటే, అది ప్రధానమో కాదో కూడా చూడమన్నాను.

నిజానికి చూడాల్సిందేమీ లేదు. దాన్ని భాగించేది ఏదైనా పది లక్షల ఒకటినీ భాగించాలి. నూటొకటికి తక్కువవేవీ పోవని ఆయన అప్పుడే చూపించారు. దీని వర్గమూలం వంద కూడా లేదు. అనంతగిరి నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు అది తట్టి చెయ్యెత్తింది. దించమని కళ్ళతోనే చెప్పాను. ఆయన మళ్ళీ రెండు నుంచి మొదలుపెట్టారు.

చొక్కా వీపున తడిసిపోయాక, ప్రధానమే అన్నారు. అప్పుడు అందరి ముందూ చెప్పాను, ఇంత కష్టం ఎందుకు అక్కర్లేదో. ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు.

"మీ దగ్గరే చదివాను మాస్టారూ. పసుపు తవ్వుకోమన్నారు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని నా ముఖంలోకి చూశారు. "నాకు గ్యాపకం లేదమ్మా," అన్నారు.

అబద్ధమైతే బాగుండేది. నిజంగానే గుర్తులేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ టీచరమ్మ, పెద్దాయన పాపం ఏమీ తినడం లేదని నాతో అంది. నేను మారు అన్నం వడ్డించుకున్నాను.