మునిగే వంతు

ఆఫీసు నుంచి వచ్చిన చార్టు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ‘ఆటపాటలతో సముద్రతీర భద్రత’ అని పైన రంగురంగుల అక్షరాలు. కింద బొమ్మలు. ఎర్రజెండా, ఎత్తయిన కుర్చీలో ఈల పట్టుకుని కూర్చున్న మనిషి, నడుముకు రబ్బరు చక్రం తొడుక్కున్న బొద్దు పాప. మా తీరంలో జెండా లేదు, కుర్చీ లేదు, ఈల ఊదే నాథుడు అసలే లేడు. ఉన్నదల్లా సముద్రం. పిల్లల చేత ఆటలాడించి ఫోటోలు యాప్‌లో పెట్టాలని సూపర్‌వైజరు గారు ఫోనులో చెప్పారు. “పెడతానండీ” అన్నాను. చార్టు చుట్టి బియ్యం డబ్బా వెనకాల పడేశాను.

నేను అంగన్‌వాడీ టీచరును. విడవలూరులో కాపురం. రోజూ ఆటోలో వెళ్ళి, దిగి, చివరి ముక్క ఇసుకలో నడిచి, సముద్రం ఒడ్డునున్న పాళెంలో చిన్నపిల్లలకు గుడ్డు పెట్టి, పాటలు నేర్పి, ముక్కులు తుడుస్తాను. పాళెమంతా చేపల వేట మీద బతికేవాళ్ళే. వాళ్ళ పిల్లలకు సముద్రమే వాకిలి. వాకిట్లో ఎలా మసలుకోవాలో నేర్పుతానంటే ఎవరు వింటారు? గతంలో ఎప్పుడైనా నీళ్ళ దగ్గర జాగ్రత్త అంటే నవ్వేవాళ్ళు. నేను చర్చికి వెళ్ళే మనిషినని వాళ్ళకు తెలుసు. “మీ దేవుడు నీళ్ళమీద నడిచినాడంట గదా టీచరమ్మా, ఆయన్నే రమ్మను, మా పిలకాయలకు నేర్పిపోతాడు” అన్నాడొక ముసలాయన వల బాగుచేసుకుంటూ. “ఆయన నడిచింది చెరువు మాదిరి నీళ్ళమీద తాతా, మీ సముద్రం చూస్తే ఆయన కూడా బోటెక్కుతాడు” అన్నాను నేను. నోరు ఊరుకోదు నాకు.

ఆ నవ్వులన్నీ పోయిన కార్తీకానికి ముందువి. కార్తీకంలో, మా సెంటరు దాటి ఒకటో తరగతికి వెళ్ళిన పిల్లవాడొకడు నీళ్ళలో పోయాడు.

వాడు నా దగ్గరే అ, ఆ దిద్దాడు. గుడ్డులో పచ్చసొన తినేవాడు కాదు, పక్కనే కూర్చున్న చెల్లెలి కంచంలో వేసేవాడు. నేను కళ్ళెర్రజేస్తే, “దానికి ఇష్టం టీచర్” అనేవాడు. ఆ సాయంత్రం తండ్రి వేటకు వెళ్ళి ఉన్నాడు. తల్లి ఆరబెట్టిన చేపలు ఏరి గంపకెత్తుతోంది. నాలుగేళ్ళ చెల్లెలు ఒడ్డున ఎండ్రకాయ బొరియ తవ్వుతోంది. వాడు దాని ఎదురుగానే నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. తల్లి పిలిచేసరికి లేడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన బిడ్డను చాప మీద పడుకోబెట్టారు. తల్లి ఇసుకలో పొర్లుతోంది. నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నా ఆగడం లేదు. చెల్లెలు కంటబడగానే దాని భుజాలు పట్టుకుని ఊపేసింది. “ఎదురుగా కూచోని చూస్తా ఉన్నావు గదే! ఒక్క కేక వెయ్యలేకపోయినావా? నీ నోరు పడిపోనూ!”

ఆ పిల్ల ఏదో చెప్పబోయి తల్లి ముఖం చూసి నోరు మూసుకుంది. అంతే. ఆ నోరు మళ్ళీ తెరుచుకోలేదు. నెల్లూరు తీసుకెళ్ళి చూపించారు. గొంతులో లోపమేమీ లేదు, బెదిరింది, బలవంతపెట్టకండి అన్నారు డాక్టరు గారు. రోజూ సెంటరుకు వచ్చేది. పాటలు పాడేటప్పుడు చేతులు ఆడించేది, పెదవులు కదిలేవి కావు. దాని కంచంలో ఇప్పుడు రెండు కాదు, ఒక్క పచ్చసొనే ఉండేది.

అటువంటి పాళెంలోకి వచ్చింది ఆ బొద్దు పాప చార్టు.

చార్టు పక్కన పెట్టినా పని మాత్రం పక్కన పెట్టలేదు నేను. నా సొంత ఆటలు కట్టి, సాయంత్రాలు ఒడ్డున ఆడించాను. మొదటిది తడి, పొడి. పొడి ఇసుక మన ఇల్లు, తడి ఇసుక సముద్రం ఇల్లు. నేను “తడి!” అని కేక వేయగానే అందరూ వెనక్కి పరిగెత్తి పొడి ఇసుకలో పడాలి. పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకోకుండా ఆ రెంటి మధ్య గీత దాటకూడదు. రెండోది ఎండ్రకాయ నడక. నీళ్ళు లోపలికి లాగుతుంటే ఎదురు పోరాడకూడదు, ఎండ్రకాయలాగా పక్కకు పక్కకు జరిగి బయటపడాలి. పిల్లలంతా చేతులు కొండీల్లా పెట్టుకుని పక్కకు నడుస్తుంటే ఎంత ఏడుపుగొట్టు మొహమైనా నవ్వాల్సిందే. ఆ పిల్ల నడిచేది గానీ నవ్వేది కాదు.

మూడోది డబ్బా ఆట. ఒడ్డున పొడి ఇసుకలో నీలం టార్పాలిన్ పట్ట పరిస్తే అదే సముద్రం. అందులో ఒకరు మునుగుతుంటారు. పిల్లలు పట్ట మీద కాలు పెట్టకుండా, గీత ఇవతలే నిలబడి, పెద్దవాళ్ళకు వినపడేలా అరిచి, తాడు కట్టిన ఖాళీ నూనె డబ్బా విసరాలి. మునిగేవాళ్ళు డబ్బా పట్టుకుంటే అందరూ కలిసి తాడు లాగాలి.

ఈ ఆట దగ్గరే వచ్చింది చిక్కు. మునిగే వంతు ఎవరిది? ఒక పిల్లవాణ్ణి పట్ట మీద కూర్చోబెట్టానో లేదో, వాళ్ళమ్మ చేతిలో గరిటెతో సహా వచ్చి వాణ్ణి లాక్కుపోయింది. “నీకేమన్నా బుద్ధుండాదా టీచరమ్మా? సందెపూట తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. బిడ్డను మునిగినట్టు ఆడమంటావా?” ఇంకొకామె పిల్లలు కూడా వింటుండగానే నన్ను నాలుగు దులిపింది. నాకూ రోషం వచ్చింది. ఇది ఆటమ్మా, బిడ్డలు బతకడానికే అని అరిచాను. కానీ ఎవరూ తమ బిడ్డను ఇవ్వలేదు. నేను తథాస్తు దేవతలను నమ్మే మనిషిని కాదు. అయినా మాట చెప్పాలి గదా, చీకటి పడే వేళ నా కడుపున పుట్టినవాళ్ళను ఏనాడూ చావు మాటతో తిట్టలేదు.

చివరికి నేనే మునిగాను. పట్ట మీద చతికిలబడి, రెండు చేతులూ ఊపి, “అయ్యో, అమ్మో, కాపాడండి!” అని గొంతు చించుకున్నాను. నా ఒళ్ళు చూసి మా ఆయా, “టీచరమ్మను లాగేదానికి పిలకాయలు చాలరు, బోటు ఇంజను తేవాల” అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు, తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు.

రెండు మూడు రోజులు అలా జరిగాక, ఒక సాయంత్రం ఆ తల్లి చేపల గంపతో అటువైపు వచ్చింది. కొడుకు పోయాక ఆమె మా సెంటరు ముఖం చూడలేదు. గంప దించి, నేను అరవడం చూస్తూ నిలబడింది.

“అట్టా అరవరు టీచరమ్మా” అంది.

నేను ఊపుతున్న చేతులు దించాను.

“మునిగేటోళ్ళు అరవరు. మావోడు అరవలా. చేతులు కూడా ఊపలా.” కొంగు బొడ్లో దోపుకుని పట్ట మీదికి వచ్చింది. “లెయ్, నేనుంటా.”

“వద్దమ్మా. నువ్వసలే...”

“తథాస్తు దేవతలకి నాతో ఇంకేం పనుండాది?” అంది.

మోకాళ్ళ మీద కూర్చుంది. తల వెనక్కి వాల్చింది. నోరు సగం తెరిచింది. రెండు చేతులూ అటూ ఇటూ చాచి, లేని నీళ్ళను కిందికి నొక్కుతూ ఉండిపోయింది. చప్పుడు లేదు. కళ్ళు ఆకాశంలోకి చూస్తున్నాయి. పిల్లల నవ్వు ఆగిపోయింది. ఆయా మొహం తిప్పుకుంది. ఆ చిన్నపిల్ల మాత్రం రెప్ప వేయకుండా తల్లిని చూస్తోంది.

పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక ఆమె నా పక్కన కూర్చుని చెప్పింది. “నేను చూసినా టీచరమ్మా. ఆ పొద్దు నేను తలెత్తి చూసినా. మొహం అట్టా పైకి పెట్టి ఉండాడు. ఆడుకుంటుండాడులే అనుకోని మళ్ళీ చేపలేరుకున్నా. చూసింది నేనైతే తిట్టింది ఆ పసిదాన్ని. నోరు పడిపోనూ అన్నా. ఆ మాట దేవతలు పట్టుకున్నారు. ఒక్కసారి అది నన్ను చూసి నోరు తెరిచి అరిస్తే చాలు నాకు. ఇంకేం వద్దు.”

దేవతలూ లేరు, గీవతలూ లేరు అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని ఇద్దరం ఏడ్చాం.

అప్పటి నుంచి పనయ్యాక వచ్చి ఆమే మునిగేది. నేను ఆట మార్చాను. ముందు ముఖం చూడాలి. “బాగుండావా?” అని అడగాలి. జవాబు వస్తే సరే. జవాబు రాకపోతే అరవాలి, డబ్బా విసరాలి. పిల్లలు ఇట్టే పట్టేశారు. పాళెం దద్దరిల్లేలా అరిచేవాళ్ళు. ఆ పిల్ల తాడు చివర పట్టుకుని లాగేది, అరిచేది కాదు. ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ తల్లి మొదట దాని నోటివైపే చూసేది.

ఒకరోజు నాతో అంది. “రేపు మిగతా పిలకాయల్ని నోరు మూసుకోమను టీచరమ్మా. అదొక్కటే ఉండాల.”

“బిడ్డ ఇంకా బెదిరిపోద్దేమో! డాక్టరు గారు బలవంతపెట్టొద్దన్నారు గదా” అన్నాను.

“నేను కొట్టను, తిట్టను. ఊరికే మునగతా” అంది.

నా మనసు ఒప్పలేదు. అయినా ఆ మొహం చూసి కాదనలేకపోయాను.

మర్నాడు పిల్లలందరినీ వెనక కూర్చోబెట్టి నోటి మీద వేలు పెట్టించాను. ఆమె పట్ట మీద మోకాళ్ళూని తల వాల్చింది. పిల్ల డబ్బా పట్టుకుని గీత దగ్గర ఒంటరిగా నిలబడింది. తల్లి చేతులు నీళ్ళను నొక్కుతూనే ఉన్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. ఎంతసేపు గడిచిందో, ఇంక చాలు అని నేను లేవబోయాను.

“అమ్మా” అంది పిల్ల. బొంగురుగా, గొంతులో ఇసుక అడ్డం పడ్డట్టు. “బాగుండావా?”

తల్లి జవాబు చెప్పలేదు. ఆట నియమం అది. ఆమె కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

అప్పుడు అరిచింది పిల్ల. ఓరి దేవుడా, ఆ కేక! అన్ని నెలల కేక ఒక్కసారిగా వచ్చింది. అవతల వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు సూదులు పారేసి పరిగెత్తుకొచ్చారు. డబ్బా వెళ్ళి తల్లి ఒళ్ళో పడింది. పిల్లలు తాడు మీద పడి లాగారు. ఆమె పట్ట మీద నుంచి జారి వచ్చి కూతుర్ని కావలించుకుంది. “వినపడిందే నా తల్లీ, నాకు వినపడింది. నీ తప్పేం లేదే. నేనూ చూసినా. నేనూ ఆడుకుంటుండాడనే అనుకున్నా” అంది అందరి ముందూ. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఫోటో తీద్దామని ఆయా ఫోను ఎత్తితే కసిరాను. నేను ఏడుస్తూ స్తోత్రం, స్తోత్రం అనుకుంటున్నాను.

పిల్ల తల్లి ఒళ్ళోంచి మెల్లిగా జారింది. డబ్బా రెండు చేతులతో ఎత్తుకుంది. తాడు ఈడ్చుకుంటూ సముద్రం వైపు నడిచింది. నేను గుండె చేత్తో పట్టుకుని వెనకే పరిగెత్తాను. పొడి ఇసుక అయిపోయే చోట అది తనంతట తనే ఆగింది. కాళ్ళు చూసుకుంది. బొటనవేలు తడి మీద ఉంటే వెనక్కి జరుపుకుంది.

“టీచర్, ఇప్పుడు అన్న వంతు” అంది.

మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.

“అన్నా, బాగుండావా?” అని అడిగింది. జవాబు కోసం చూసింది. జవాబు రాకపోతే అరవాలని నేర్పింది మేమే. అరిచింది. డబ్బా విసిరింది. అది తడి ఇసుకలో పడింది, ఒక అల వచ్చి దాన్ని కొంచెం లోపలికి తీసుకుంది. పిల్ల తాడు కొస పట్టుకుని మావైపు తిరిగి, “లాగండి” అంది. మిగతా పిల్లలు ఆట మళ్ళీ మొదలైందనుకుని కేరింతలు కొడుతూ వచ్చి తాడు పట్టుకున్నారు. తల్లి వచ్చి కూతురి వెనక నిలబడి పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. లాగడానికి ఏముంది, తేలిగ్గా వచ్చేసింది.

పిల్ల డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. గౌనుతో తడి తుడిచింది. తర్వాత దాన్ని తల్లి చేతికిచ్చింది.

“నువ్వు విసురమ్మా. నువ్వయితే దూరం పోతాది.”