ఎడారిలో రసమట్టం

చలికాలం రాగానే కువైట్‌లో నేను పనిచేసే ఇంటివాళ్ళు ఎడారికి కదిలేవారు. డేరాలు, తివాచీలు, వాటి వెనకాల ఒక కారవాన్. అందులో వంటగది నాది. గోదావరి గట్టున పుట్టిన నేను ఒక్క చెట్టయినా లేని ఆ ఇసకలో వండిపెడతానని ఎన్నడూ అనుకోలేదు.

అక్కడ కరెంటు లేదు. ఫ్రిజ్ గ్యాస్ మంట మీద నడిచేది. మంటతో చల్లదనం రావడం నాకు వింతగా ఉండేది. దానికి చప్పుడన్నదే ఉండేది కాదు. పాలూ పెరుగుతో పాటు పెద్ద మామా ఇన్సులిన్ కూడా అందులోనే. మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు; పెద్ద మామా ఆవిడకి అత్తగారు. డేరాలో పుట్టిన మనిషి. సిటీలో ఏసీ గదిలో గోడకి తిరిగి పడుకునే ఆవిడ, ఇసక మీద కాలు పెట్టగానే మనిషే మారిపోయేది. నన్ను కూడా పిలిచి పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని ఖర్జూరాలు చేతిలో పోసేది.

మొదటి ఏడు మా యజమాని బాబా కారవాన్‌ని దిబ్బ వాలులో పెట్టించారు, కిటికీలోంచి దూరం దాకా కనబడుతుందని. వారం తిరక్కుండానే పాలు విరిగాయి. ఫ్రిజ్ వెనకాల చెయ్యి పెడితే కాలిపోతోంది, లోపల మాత్రం చల్లదనం లేదు. సులైబియాలో రిపేరు షెడ్డుకి తీసుకెళితే గొట్టం పూడిపోయింది, మార్చాల్సిందే అన్నారు. ఇన్సులిన్ కోసమని క్యాంపు ఎత్తేశాం. సిటీకి రాగానే పెద్ద మామా మళ్ళీ గోడకి తిరిగి పడుకుంది.

మరుసటి ఏడు మా డ్రైవర్, రాయచోటి అతను, ఒక రసమట్టం తెచ్చాడు, మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వాడేది.

"దీంట్లో మోటరే లేదక్కా. మంటకి గొట్టాల్లో ఉండే మందు కాగి పైకి పోతాది, చల్లబడి దానంతటదే కిందికి కారాల. బండి వాలినాదంటే యాడో ఒకచోట నిలబడిపోతాది. కాగి కాగి గొట్టంలో గడ్డకడతాది. ఇంగ ఖలాస్" అన్నాడు.

అతను చక్రాల కింద పలకలు పెడుతుంటే నేను ఫ్రిజ్‌లో రసమట్టం పెట్టి బుడగని చూస్తూ కేకేసేదాన్ని. పెద్ద మామా బయట కుర్చీలో కూర్చుని "సీదా?" అని అడిగేది. ఆవిడ అరబ్బీలోనూ అతని ఉర్దూలోనూ అదే మాట కావడంతో ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

ఆ సీజన్ మధ్యలో గట్టి వాన పడింది. పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీస్తే నా చేతిలోంచి జారి దానంతటదే బార్లా తెరుచుకుంది. ఒక పక్క చక్రం కింద ఇసక కొట్టుకుపోయి బండి వాలింది. వెంటనే గ్యాస్ కట్టేశాను. ఇన్సులిన్‌ని ఐస్ పెట్టెలోకి మార్చి అందరినీ పిలిచాను. బాబా తన పొడుగు అంగీ దిష్‌దాషా ఎగ్గట్టి తనే పార పట్టారు. డ్రైవర్ జాకీ వేసి ఎత్తుతుంటే నేను లోపలికి పరిగెత్తాను.

"సీదా?" పెద్ద మామా ఈసారి కుర్చీలోంచి లేచి నిలబడి అడిగింది.

"సీదా, మామా!"

మళ్ళీ మంట వెలిగించాం. ఇక ఎదురుచూడటమే. చెయ్యి పెట్టి చూడటం, తలుపు వెయ్యడం. పొద్దువాలే వేళకి లోపల పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చల్లబడింది. తీసుకెళ్ళి ఆవిడకిచ్చాను. సగం తాగి మిగతాది నాకిచ్చింది.

"ఇంటికి పోనక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు మామా."

ఎండలు ముదిరేదాకా అక్కడే ఉన్నాం. తర్వాత ఇంకొన్ని చలికాలాలు కూడా. ఆ ఫ్రిజ్ మళ్ళీ చెడలేదు. పెద్ద మామా పోయాక క్యాంపు మాట ఎవరూ ఎత్తలేదు, కారవాన్ అమ్మేశారు. ఇప్పుడు నేను ఫర్వానియాలో ఒక క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఏడాదికోసారి మొదటి చలిగాలి తగిలిన రోజున మాత్రం బస్సు కిటికీ మూయబుద్ధి కాదు. తడి ఇసక మీద తివాచీలు దులిపే చప్పుడు, ఖహ్వా కాఫీ కాగే వాసన, ఆవిడ కేకలు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. నా స్టాపు దాటిపోయినా ఆ రోజు విసుగు రాదు.