చెరిపేశాక కూడా బతికున్న లాగ్

2022 ఆగస్టు, సలాలా. మన దగ్గర ఖరీఫ్ అంటే పంట కాలం, అక్కడ ఖరీఫ్ అంటే తుంపర. ఒమన్ అంతా ఎండకు మాడిపోతుంటే సలాలా కొండలు మాత్రం పచ్చబడి, మస్కట్ నుంచి జనం కార్లలో బారులు తీరి దిగుతారు. రోడ్డు పక్కన కొబ్బరి బోండాలు, అరటి గెలలు వేలాడదీసిన కొట్ల దగ్గర ట్రాఫిక్ ఆగిపోతుంది. నేను మాత్రం పని మీద వెళ్లాను. ఒక ఆఫీసులో కొత్త సర్వర్ పెట్టే డ్యూటీ పడింది.

నేను లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. మస్కట్‌లో ఘుబ్రాలో కాపురం, కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి ప్రయాణం. నీ కూతురు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ "కంప్యూటర్లు ఊడ్చే పని" అంటుంది. పెద్ద తప్పేం కాదు. నాకు వచ్చే ఫోన్లలో సగం డిస్కు నిండిపోయిందనే. వెళ్లి ఊడ్చి, ఖాళీ చేసి వస్తాను.

ఊడ్చే చెత్త ప్రధానంగా రెండు రకాలు. ఒకటి క్యాష్. పని తొందరగా అవడానికి సిస్టమ్ దాచిపెట్టుకునే నకళ్లు. పారేసినా నష్టం లేదు, కావాలంటే మళ్లీ తయారు చేసుకుంటుంది. రెండోది లాగ్. ప్రతి ప్రోగ్రామూ తాను ఎప్పుడు ఏం చేసిందో రాసుకునే దినచర్య. అది పోతే మళ్లీ రాదు. చూడటానికి రెండూ ఒకేలా పెరుగుతాయి, ఒకేలా విసిగిస్తాయి. ఈ తేడా మరిచిపోయినవాళ్లు ఏదో ఒక రోజు తల పట్టుకుంటారు.

ఆ రోజు మధ్యాహ్నం మా కంపెనీ నుంచి ఫోన్. సలాలాలోనే ఒక ప్రైవేటు హాస్పిటల్లో ల్యాబ్ సర్వర్ ఆగిపోయింది, దగ్గర్లో ఉన్నావు కాబట్టి చూసి రా అన్నారు. డిస్కు నిండిన కేసే. అరగంటలో ముగించి భోజనానికి పోవచ్చనుకున్నాను. నాకు మామూలుగానే ఓపిక తక్కువ, ఆకలేస్తే అదీ ఉండదు.

సర్వర్ గదిలో ఇద్దరున్నారు. ఒకాయన హాస్పిటల్ మేనేజర్, గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇంకొకాయన ఐటీ ఇంచార్జి యూసుఫ్. యాభై ఏళ్లుంటాయి, కాళ్లదాకా తెల్లని దిష్‌దాషా అంగీ, తల మీద కుట్టుపని చేసిన కుమ్మా టోపీ. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఒమనీ అయినా హిందీ చక్కగా మాట్లాడతాడు. మా సంభాషణంతా హిందీ, ఇంగ్లీషు కలగలిపి సాగింది.

కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే ఆయన కుశలప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆరోగ్యం ఎలా ఉంది, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు, పిల్లలు ఎలా చదువుతున్నారు, దారిలో ఇబ్బంది కాలేదు కదా. ఒమన్‌లో ఇది మర్యాద. మనిషి ఎదురుపడితే క్షేమం అడగాలి, తర్వాత కబురేమిటని అడగాలి, ఆ కబురు పూర్తిగా వినాలి. ఆ తర్వాతే పని. తెలిసినా, సర్వర్ ఎర్రలైటు వెలుగుతుంటే ఆ మర్యాద నాకు గొంతులో ముల్లులా ఉంటుంది. పొడిపొడిగా జవాబులిచ్చాను.

"ఇక నా కబురు చెబుతాను" అన్నాడు యూసుఫ్. "పొద్దున డిస్కు నిండింది. పెద్ద ఫైల్ ఏదో వెతికాను. ల్యాబ్ మెషిన్లను డేటాబేస్‌తో కలిపే లింకు ప్రోగ్రామ్ ఉంది కదా, దాని లాగ్ అన్నిటికంటే పెద్దది. చెరిపేశాను. నేనే, ఈ చేత్తోనే. కానీ చోటు రాలేదు. అప్పటి నుంచి ఇంకేమీ ముట్టుకోలేదు."

నేను తలెత్తి ఆయన మొహం చూశాను. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వెళ్లిన చోటల్లా నాకు వినిపించే మొదటి మాట "మేమేం చెయ్యలేదు మేడమ్, దానంతటదే ఆగిపోయింది". ఎవరు ఏం నొక్కారో కనిపెట్టడానికే సగం టైం పోతుంది. ఈయన పక్కన పై అధికారి నిలబడి ఉండగా, ఎవరూ అడగకుండా, నేనే చెరిపాను అంటున్నాడు.

"రీస్టార్ట్ ఎందుకు చెయ్యలేదు? అందరూ అదే కదా చేసేది" అన్నాను.

"నేనూ అదే చెబుతున్నాను" అన్నాడు మేనేజర్.

యూసుఫ్ తాపీగా చెప్పాడు. "ఒక పని చేశాను. అవుతుందనుకున్నది అవలేదు. అంటే నాకు తెలియనిది ఏదో ఇందులో ఉంది. తెలియనప్పుడు రెండో పని చేస్తే మొదటి తప్పు ఎక్కడుందో కూడా కనబడదు. అందుకే తెలిసినవాళ్లు వచ్చేదాకా ఆగాను."

ఆ తెలియనిదేమిటో నాకు తెలుసు. డిస్కు మొత్తం ఎంత నిండిందో చెప్పే కమాండ్ ఒకటి, ఫోల్డర్లన్నీ తూచి కూడి చెప్పే కమాండ్ ఇంకొకటి నడిపాను. రెండిటి లెక్కకూ పొంతన లేదు. లినక్స్‌లో ఫైల్ చెరపడమంటే దాని పేరు తీసెయ్యడమే. ఏ ప్రోగ్రామైనా ఆ ఫైల్‌ను అప్పటికే తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా ఫైల్ డిస్కులోనే ఉంటుంది. గుమ్మం మీద పేరు పలక పీకేస్తే అద్దెకున్నవాడు ఖాళీ చేసినట్టు కాదు కదా. లింకు ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే అది ఫైల్‌ను వదులుతుంది, చోటు వచ్చేస్తుంది. నిమిషం పని. మేనేజర్‌కి ఆ మాట చెప్పి కీబోర్డు మీద చేతులు పెట్టాను.

అప్పుడే తలుపు తోసుకుని ఒక నర్సు వచ్చింది. మెడలో సన్నటి గొలుసుకు శిలువ, చేతిలో ఒక చిన్న ట్యూబు స్టిక్కరు. ఆమెను చూసి యూసుఫ్ నా వైపు చెయ్యి ఎత్తాడు. "ఒక్క నిమిషం మేడమ్. సిస్టర్ కరుణ వచ్చారు. ఆమె కబురు విందాం." మళ్లీ క్షేమాలు. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా అని కూడా అడిగాడు. నాకు ఒళ్లు మండింది. మేనేజర్‌కైతే చెప్పక్కర్లేదు.

సిస్టర్ కరుణ ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా మెడలో బ్యాడ్జీ మీద పేరు చదివి తెలుగులోకి దిగింది. "తెలుగువారాండీ? అయితే మీకే చెబుతానమ్మా. మా వార్డులో లింబాద్రి అని ఒకాయన, నిజామాబాద్ వైపు నుంచొచ్చి ఇక్కడ సైట్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. నాలుగు రోజుల జొరం, తల పగిలిపోయే నొప్పి. పొద్దున వెన్నులోంచి నీరు తీశారండీ. నలుగురం పట్టుకుంటే గాని కాలేదు, అంత నరకం చూశాడు. మెషిన్‌లో పెట్టారు, పంపించేశానని చూపించింది, తీరా చూస్తే రిపోర్టు లేదు. ఆ మెషిన్ పాతదండీ, పంపిందల్లా మరిచిపోద్ది. కణాలు చేత్తో లెక్క పెట్టారు గాని అది చాలదంట. నీట్లో చక్కెరా ప్రోటీనూ ఎంతుందో తెలిస్తేనే అది ఏ రకం మెదడు జొరమో తేలుతుందని డాక్టరు గారు ఒకటే అడుగుతున్నారు."

"మళ్లీ తియ్యడం కుదరదా?"

"పొద్దున తీసిన కాస్త నీరూ పరీక్షలకే అయిపోయింది, మందూ ఎక్కించేశామమ్మా. ఇప్పుడు తీస్తే అసలు లెక్క రాదు. అదీగాక ఇంకో సూదంటే సంతకం పెట్టి లేబర్ క్యాంపుకి పోతానంటున్నాడు. పోతే ఆ మనిషి దక్కడండీ."

నేను యూసుఫ్‌కి హిందీలో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. చేతులు కీబోర్డు మీద నుంచి వాటంతటవే పక్కకు జరిగాయి.

లినక్స్ ప్రతి డిస్కులో కొంత చోటు రూట్ కోసం, అంటే సిస్టమ్ యజమాని కోసం పక్కన పెట్టి ఉంచుతుంది. డేటాబేస్ మామూలు యూజర్ కింద నడుస్తుంది కాబట్టి డిస్కు నిండగానే రాయడం ఆపేసింది. లింకు ప్రోగ్రామ్‌ను మాత్రం, అలా చెయ్యకూడదు గాని, ఎవరో రూట్ కింద నడిపిస్తున్నారు. అది ఆ పక్కన పెట్టిన చోటులో పొద్దుటి నుంచి తన లాగ్ రాసుకుంటూనే ఉంది. ఆ మధ్య రిపేరుకొచ్చిన వెండర్ మనిషి ఎవరో లాగ్‌ను డీబగ్‌లో, అంటే వచ్చిన ప్రతి ముక్కా పూసగుచ్చినట్టు రాసే పద్ధతిలో పెట్టి, తియ్యడం మరిచిపోయాడు. డిస్కు నిండిందే అందువల్ల. అంటే లింబాద్రి వెన్ను నీటి ఫలితం లోకం మొత్తం మీద ఒక్క చోటే ఉంది. పేరు చెరిపేసిన ఆ లాగ్‌లో. నేను రీస్టార్ట్ చేసి ఉంటే అదీ పోయేది.

యూసుఫ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది, కానీ గొంతు మారలేదు. "ఆ ప్రోగ్రామ్ ఆగనంతసేపు ఫైల్ ఉంటుంది. అంతేనా?"

"అంతే. దానంతటది క్రాష్ అయినా పోతుంది. పక్కన పెట్టిన చోటు కూడా నిండొస్తోంది."

"ఏం కావాలి మీకు?"

"ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఒకటి. ల్యాబ్ మెషిన్లు కొత్తగా ఏమీ పంపకుండా ఆపాలి. నన్ను ఎవరూ కదిలించకూడదు."

ఆయన తన టేబుల్ సొరుగులోంచి డిస్కు తెచ్చిచ్చాడు. ల్యాబ్‌కి ఫోన్ చేసి మెషిన్లు ఆపించాడు. మేనేజర్ రిసెప్షన్లో జనం గోల చేస్తున్నారని, ముందు సర్వర్ లేపమని మళ్లీ అందుకున్నాడు. యూసుఫ్ లేచి నిలబడ్డాడు. "అక్కడ కాగితం మీద రాసుకోమనండి. కరెంటు పోయిన రోజున అలాగే రాస్తారు కదా. చెరిపింది నేను. ఆలస్యానికి జవాబు కూడా నేనే చెబుతాను. ఈమె పని అయ్యేదాకా ఈ కుర్చీ దగ్గరికి ఎవరూ రారు." ఆ తర్వాత మేనేజర్ గదిలో ఉన్నట్టే అనిపించలేదు.

ముందు క్యాష్ తీశాను. దానికి ఎవరినీ అడగక్కర్లేదు. ప్రోగ్రామ్ ఊపిరి ఆడటానికి కాస్త చోటు దొరికింది. లినక్స్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామూ ఏయే ఫైళ్లు పట్టుకుని ఉందో చూపించే ఒక పక్క దారి ఉంటుంది. అందులోకి వెళ్తే పేరు పోయిన ఫైల్ కనిపించింది, పక్కనే 'చెరపబడింది' అన్న ముద్రతో. అక్కడి నుంచే దాన్ని బయటి డిస్కు మీదికి కాపీ పెట్టాను. భారీ ఫైల్. ఎంతకీ తరగలేదు. సిస్టర్ కరుణ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. యూసుఫ్ కిటికీ దగ్గర నిలబడి తుంపర చూస్తున్నాడు. నాకు ఆకలి సంగతే గుర్తు రాలేదు.

కాపీ అయ్యాక రెండుసార్లు సరిచూసి, అప్పుడు అసలు ఫైల్‌ను దాని చోటులోనే ఖాళీ చేశాను. డిస్కు ఒక్కసారిగా తేలికైంది. డేటాబేస్ లేచింది. సిస్టర్ స్టిక్కరు మీద శాంపిల్ నంబరు చదువుతుంటే కాపీలో వెతికాను. మెషిన్ పంపిన మాట ఉన్నదున్నట్టు దొరికింది. చక్కెర బాగా తక్కువ, ప్రోటీన్ బాగా ఎక్కువ. ఆమె అక్కడి నుంచే డాక్టరుకి ఫోన్లో చదివి వినిపించింది. అవతలి జవాబు విని, "మందు మారుస్తున్నారమ్మా. ఇది టీబీ నుంచి వచ్చిందంట. ఇప్పుడు తెలిసింది గనక పర్లేదన్నారు" అంది. "దేవునికి స్తోత్రం" అని గొంతు తగ్గించి అనుకుని వార్డుకి పరుగెత్తింది.

మిగతా పేషెంట్ల ఫలితాలు కూడా లాగ్‌లోంచి తీసి ఎక్కించాం. డీబగ్ ఆపేశాను, లాగ్ ఒక హద్దు దాటగానే పాతవి మడిచి కుదించే ఏర్పాటు చేశాను. లింకు ప్రోగ్రామ్‌ను రూట్ కింద నుంచి తప్పించాను. ఇవన్నీ పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోగలిగే సంగతులే. నా కింద పనిచేసేవాళ్లకు నేను కొన్నాళ్లలో నేర్పేస్తాను. చేసిన పని ఫలించనప్పుడు చేతులు వెనక్కి తీసుకోవడం మాత్రం నేర్పడం కష్టం. భయపడ్డవాడు ఇంకోటి నొక్కుతాడు, ఆ తర్వాత ఇంకోటి. నేను ఎంతోమందిని చూశాను. యూసుఫ్‌లా ఆగినవాణ్ణి మాత్రం ఆ ఒక్కరోజే చూశాను. ఆయన్ని చూస్తే నాకు నిజంగా ముచ్చటేసింది.

సామాన్లు సర్దుకుంటుంటే ఆయన "మేడమ్, ఇంకొక పని ఉంది. నాతో వార్డుకి వస్తారా? ఆయనకు హిందీ అంతంత మాత్రం, మీరు తెలుగులో చెప్పాలి" అన్నాడు. ఏం చెప్పాలో అడగలేదు. పరామర్శించి ధైర్యం చెబుతాడేమో అనుకున్నాను.

లింబాద్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, సిమెంటు తిన్న వేళ్లు. మా అలికిడికి ఇటు తిరిగి ముందు నా చేతులు చూశాడు, సూది ఏమైనా ఉందేమోనని.

యూసుఫ్ మంచం పక్కన స్టూల్ మీద కూర్చున్నాడు. క్షేమం అడిగాడు, ఇంటి దగ్గర ఎవరెవరున్నారని అడిగాడు. ఓపిగ్గా విన్నాడు. తర్వాత హిందీలో అన్నాడు, నేను తెలుగులో చెప్పాను. "మీ రిపోర్టు ఉన్న ఫైల్‌ను ఈ పొద్దున నేనే చెరిపేశాను. చూసుకోలేదు. ఈ మేడమ్ దాన్ని వెతికి తీశారు. తీయలేకపోయి ఉంటే ఆ బాధ మీరు పడేవారు. నన్ను క్షమించాలి."

లింబాద్రి ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. "దొరికింది గద? మల్ల సూది లేదు గద?"

"లేదు" అన్నాను.

"గట్లయితె గంతే సాలు." దుప్పటి పైకి లాక్కుని నా వైపు తిరిగాడు. "గని మేడం, ఈయన ఇంత పెద్ద సారు. నేను లేబరోన్ని. ఈయన వచ్చి చెప్పకుంటె నాకు ఎట్ల తెలుస్తుండె? అడుగు జర."

అడిగాను. యూసుఫ్ ఆయన చేతి మీద చెయ్యి వేసి, హిందీ పదాలు ఒక్కొక్కటే ఆయనకే అర్థమయ్యేంత నిదానంగా పలికాడు. నేను మార్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మీకు తెలిసే దారి లేదు. అందుకే నేనొచ్చాను."