నీళ్లలో పట్టుకున్న చెయ్యి

చదివేవాళ్లందరికీ నమస్కారం. నేను నాలుగో తరగతి దాకానే చదువుకున్నాను. అది కూడా వాన పడితే సెలవిచ్చే బడి. ఇంత పెద్దగా ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతాయి, వాక్యం ఎక్కడ ఆపాలో తెలియదు. ఏమనుకోకండి. "నోటితో ఎట్ల చెప్తవో అట్లనే రాయి నానమ్మా, మంచిగ రాయాలని మాత్రం చూడకు" అంది మా మనవరాలు. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. మా పుట్టిల్లు గోపన్‌పల్లి. పెళ్లికి ముందు తెల్లవారుజామునే గుట్టల్లోకి ఒక్కదాన్నే గడ్డికి పోయేదాన్ని. అక్కడ ఒక గుండు మీద ఆడమనిషి తల విరబోసుకుని కూర్చుంటుందని ఊళ్లో అందరూ చెప్పేవాళ్లు. నేను ఆ గుండు మీదే కూర్చుని సద్ది తినేదాన్ని. ఎప్పుడూ ఎవరూ రాలేదు. ఎవరికైనా దయ్యం పట్టిందంటే పని తప్పించుకోవడానికి వేషాలు అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటాను. ఈ ఒక్కటి తప్ప.

నన్ను నానక్‌రామ్‌గూడలో ఇచ్చారు. ఇప్పుడు అక్కడ తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే మేడలున్నాయి కానీ అప్పుడు జొన్నచేలు, రాళ్లగుట్టలే. మా ఆయన యాదయ్య బండలు కొట్టే పని చేసేవాడు. సుత్తి పట్టీ పట్టీ ఆయన అరచెయ్యి కూడా బండలాగే అయిపోయింది. నేను ఆయనతో పాటు కంకర మోసేదాన్ని. ఆ పనిలో గాజులు పగిలిపోతాయని రబ్బరు గాజులు వేసుకునేదాన్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నేను ఆయనకు రెండో భార్యను. మొదటామె పేరు రాజమణి. పిల్లలు కలగకముందే జ్వరం వచ్చి చనిపోయింది. ఆమెను నేను చూడలేదు, ఫోటో కూడా లేదు.

అయినా రోజూ ఆమెను మోశాను. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. రెండో పెళ్లి మీద వచ్చిన ఆడది, చనిపోయిన మొదటామె పేరున ఒక వెండి బిళ్ళ మెడలో కట్టుకోవాలి. దాని మీద చిన్న ఆడబొమ్మ ఉంటుంది. కొత్త చీర వస్తే ముందు ఆ బిళ్ళకు తాకించి తర్వాత నేను కట్టుకోవాలి. పసుపు, కుంకుమ, పువ్వులు ముందు ఆమెకు. అన్నం తినేటప్పుడు మొదటి ముద్ద ఆమెకు చూపించి తర్వాత నా నోట్లో పెట్టుకోవాలి. అట్లా చెయ్యకపోతే ఆమెకు కోపం వస్తుందని మా అత్త పెళ్లినాడే చెప్పింది. నాకు కోపం వస్తుందేమోనని ఎవరూ అడగలేదు.

ఆమె అంటే నాకు కుళ్లు. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని కొట్లాడవచ్చు. చనిపోయిన సవతిని ఏం చేస్తాం? ఆమె కూర మాడదు, ఆమె మాట తూలదు, ఆమెకు వయసు రాదు.

"రాజమణి ఉన్నప్పుడు ఇంట్ల గిన్నెలు అద్దాల లెక్క మెరిసేటివి" అనేది మా అత్త.

"అద్దం గోడకున్నది గద అత్తా, గిన్నెల మొఖం చూసుకునుడు దేనికి?" అనేదాన్ని నేను.

"నోరు మాత్రం నీకే ఎక్కువ. గా పొల్లకు అస్సలు నోరే లేకుండె" అనేది. అందులోనూ ఆమెదే గెలుపు.

మా ఆయన మంచివాడే. తాగి వచ్చి గొడవ చేసింది లేదు, ఒక్కనాడు చెయ్యి ఎత్తింది లేదు. మాటే తక్కువ. కానీ నాతో మాట్లాడేటప్పుడు ఆయన చూపు నా ముఖం మీద నిలబడేది కాదు. కొంచెం కిందికి దిగి నా మెడ దగ్గర ఆగేది. అది నేను ఒక్కదాన్నే కనిపెట్టాను. ఒక్కసారైనా ఈ మనిషి నన్ను నన్నుగా చూస్తే చాలని ఉండేది. వేరే ఏమీ అడగలేదు దేవుణ్ణి.

పెళ్లయిన కొన్నేళ్లకు, డెబ్బైల్లో ఒక ఏడాది లింగంపల్లి నుంచి యాత్ర బస్సు బయలుదేరింది. తిరుపతి దర్శనం, ఆ తర్వాత ఒక రోజు గైడును పెట్టి పులికాట్ చూపిస్తారట. అక్కడ ఉప్పునీటి సరస్సు ఉంది, పడవ మీద దాన్ని దాటితే అవతల సముద్రం. గుట్ట దాటి ఎక్కడికీ పోని మా ఆయన, అడగ్గానే పోదామన్నాడు. నేను పొంగిపోయాను. ఆ పొంగు మా అత్త చల్లార్చింది.

"రాజమణికి చూపిస్తనన్నడు సముద్రం" అంది చేటలో బియ్యం చెరుగుతూ. "దానికి మస్తు సోకు ఉండె. చూడకముందే పాయె. నీ రాతల ఉన్నది, నువ్వు పోతున్నవ్."

బస్సులో నా పక్కన సుబ్బలక్ష్మిగారని గుంటూరు వైపు ఆవిడ కూర్చుంది. వాళ్లాయనకు పట్నంలో సర్కారు ఉద్యోగం. నా మెడలో బిళ్ళ చూసి వెంటనే కనిపెట్టింది. "మా పిన్నిగారికీ ఉండేదండీ ఇలాంటిది. ఆవిడైతే సినిమాకి వెళ్లినా దానికి చెప్పి వెళ్లేది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పులికాట్‌లో బస్సు దిగగానే ఎండుచేపల వాసన. గైడు పేరు శీనయ్య, సూళ్లూరుపేట మనిషి. ఎప్పుడో ఓడల మీద వచ్చి చనిపోయిన తెల్లవాళ్ల సమాధులు చూపించాడు. తర్వాత అందరినీ పడవ ఎక్కించాడు. అన్ని నీళ్లు నేను అంతకు ముందు చూడలేదు. మా చెరువుకైతే అవతలి గట్టు కనపడుతుంది. దీనికి గట్టే లేదు. దూరంగా పొడుగు కాళ్ల పక్షులు గుంపుగా నిలబడి ఉన్నాయి, రెక్కలు లేత గులాబీ రంగు.

మా ఆయన ఆ నీళ్లను చూస్తూ మెల్లగా "చూడు" అన్నాడు.

నేను చూశాను. "మస్తుగున్నది" అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు. ఆ మాట నాకు చెప్పింది కాదేమో అనిపించింది.

అవతలి ఇసుకతిన్నె దగ్గర నీళ్లు తక్కువ. పడవ బురదలో ఆగిపోయింది. అక్కడి నుంచి దిగి నడవాలి.

"మెడలోయి, చెవులోయి తీసి ఈ సంచిలో ఎయ్యండి మా" అన్నాడు శీనయ్య. "బురదలో పడితే చేపల పెళ్లికి పనికొస్తాయి, మనకి రావు. సంచి నా నెత్తి మీద పెట్టుకుంటా."

పుస్తెలు తియ్యకూడదు కదా. బిళ్ళ వేరే తాడు మీద ఉంది. కాసేపైనా మెడ తేలికగా ఉంటుందని సంతోషంగా తీశాను. సంచిలో వెయ్యబోతుంటే మా ఆయన "అది ఇటియ్యి" అన్నాడు.

"అందరియి అండ్లనే ఉన్నయి గద. ఇదొక్కటి కరుగుతదా?" అన్నాను.

"పోతే మళ్ల దొరకది" అని, ఆ తాడును తన ఎడమ మణికట్టుకు చుట్టుకున్నాడు.

పోతే మళ్లీ దొరకనిది అది. నేను దొరుకుతాను.

వరసగా దిగాం. ముందు శీనయ్య, తర్వాత మిగతావాళ్లు, తర్వాత మా ఆయన, ఆయన వెనక నేను, నా వెనక సుబ్బలక్ష్మిగారు, చివర వాళ్లాయన. "నీళ్ల వంక చూడబాకండి, తల తిరుగుద్ది" అని అరిచాడు శీనయ్య. "ఎడం పక్క గుంటలుండాయి. ముందు మనిషి చెయ్యి మటుకు వదలబాకండి."

మా ఆయన ఎడమ చెయ్యి వెనక్కి చాచాడు. నేను కుడి చేత్తో పట్టుకున్నాను, నా ఎడమ చెయ్యి సుబ్బలక్ష్మిగారు పట్టుకుంది. పట్టుకున్నాననే అనుకున్నాను. గాలికి కొంగు ఎగిరి ముఖం మీద పడింది, నీళ్ల మీద ఎండ కళ్లల్లో పొడుస్తోంది. కళ్లు మూసుకునే నడిచాను. పెళ్లయి అన్నేళ్లయినా నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆ ఇసుకతిన్నె ఎంత దూరముంటే అంత మంచిదనిపించింది.

కొంత దూరం పోయాక తెలిసింది. చేతిలో ఉన్న చెయ్యి గట్టిగా లేదు. చిన్నది, మెత్తనిది. అంత ఎండలోనూ చల్లగా ఉంది. నా మణికట్టుకు గాజులు తగులుతున్నాయి, అడుగు అడుగుకూ జారి గలగలమంటున్నాయి.

తల విదిలించి కొంగు తప్పించుకుని చూశాను. మా ఆయన నాకు అందనంత ముందున్నాడు. ఆయన చెయ్యి వెనక్కి చాచే ఉంది, దేన్నో పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ఉంది. మణికట్టుకు తాడు, తాడుకు బిళ్ళ. నా చెయ్యి ముందుకు చాచి ఉంది. ఇద్దరి మధ్యన ఇంకో మనిషి నిలబడేంత ఖాళీ. ఆ ఖాళీలో గాలి, ఎండ తప్ప ఏమీ కనపడలేదు. కానీ నా వేళ్లల్లో చెయ్యి ఉంది. అది నన్ను పట్టుకునే ఉంది.

భయపడి ఉంటానని మీరు అనుకుంటారు. నాకు భయం తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. ఇంట్లో సరే, కంచంలో సరే, చీరలో సరే, ఇక్కడ కూడానా అనిపించింది. విదిలించి వదిలేశాను.

వదలగానే ఎడమ కాలు గుంటలోకి పోయింది. మెడ దాకా మునిగాను. సుబ్బలక్ష్మిగారు కేక పెట్టింది, ఆవిడ చేతిలోంచి నా ఎడమ చెయ్యి జారిపోయింది. నోట్లోకి ఉప్పునీళ్లు పోయాయి. అప్పుడు అదే చల్లటి చెయ్యి నా కుడి మణికట్టు పట్టుకుని ముందుకు లాగింది. కాళ్లకు నేల తగిలింది. తర్వాత చేతిలో ఏమీ లేదు. మిగిలిన దూరం సుబ్బలక్ష్మిగారి భుజం పట్టుకుని నడిచాను.

మా ఆయన ఒడ్డుకు చేరేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగాక మెడ దాకా తడిసిన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఎప్పుడు పడ్డవ్?" అన్నాడు. "నేను చెయ్యి ఇడువలేదు గద."

నేను కొంగు పిండుకున్నాను.

"నీ గాజులు గుచ్చుకున్నయి గని, ఇడువలేదు" అని అరచెయ్యి చూపించాడు. సుత్తి పట్టే ఆ మొద్దు చెయ్యి మీద బొటనవేలి కింద సన్నగా కోసుకుని రక్తం కారుతోంది. అప్పుడు ఆయన చూపు నా చేతుల మీద పడింది. నావి రబ్బరు గాజులు. ఆయన నా చేతులు చూశాడు, తన అరచెయ్యి చూసుకున్నాడు. 

శీనయ్య వచ్చి "ఆలిచిప్ప గీసుకోనుంటుంది సామీ" అన్నాడు. ఆయన చెయ్యి నీళ్లకు తగల్లేదు. మణికట్టుకు చుట్టిన తాడు కూడా తడవలేదు, నేను కళ్లారా చూశాను.

సుబ్బలక్ష్మిగారు నన్ను పక్కకు తీసుకుపోయి కోప్పడింది. "మీవారి చెయ్యి పట్టుకోలేదేంటమ్మా మీరు? మధ్యలో అంత ఖాళీ వదిలేసి, చెయ్యి గాల్లో పెట్టుకుని నడుస్తున్నారు. వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాను, వినపడలేదా?" నాకు వినపడలేదు. ఆవిడకు నేను ఏమీ చెప్పలేదు కాబట్టి, కల్పించి చెప్పాల్సిన అవసరం ఆవిడకు లేదు.

సముద్రం దగ్గర మా ఆయన ఒక్కడే అల దాకా పోయాడు. మణికట్టు నుంచి బిళ్ళ విప్పి అలలో తడిపాడు. వచ్చి నా వెనక నిలబడి తన చేతులతోనే నా మెడకు కట్టాడు. ఆయన వేళ్లు నా మెడకు తగిలాయి. అన్నేళ్లు నేను కోరుకున్నది అదే. అది కూడా ఆ తాడు కట్టడానికే.

ఇంటికొచ్చాక ఆ మాట మేమిద్దరం ఎత్తుకోలేదు. పిల్లలు పుట్టారు, పొలాలు పోయాయి, మేడలు లేచాయి. ఆమె నాకు, ఆయనకు అడ్డం నిలబడిందని చాలా ఏళ్లు తిట్టుకున్నాను. ఒక్కోసారి కూరగాయలు కోస్తూ ఇంకోలా అనిపించేది. ఆయన ఒక్కడే కావాలంటే ఆమె నన్ను గుంటలోనే వదిలేసేది కదా. ఎందుకు లాగింది? కత్తిపీట పక్కన పెట్టి లేచేదాన్ని.

మా ఆయన పోయి కొన్నేళ్లయింది. దవాఖానలో, పట్టపగలు. నేను మంచానికి కుడి పక్క కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. చివరికొచ్చేసరికి ఆయన నా ముఖం వైపు తిరిగాడు. మెడ వైపు కాదు, ముఖం వైపే. "లక్ష్మీ" అన్నాడు. అది నా పేరే. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడే చూశాను. ఆయన ఎడమ చెయ్యి మంచం అవతలికి, వెనక్కి చాచి ఉంది. పిడికిలి బిగించి ఉంది, నీళ్లల్లో ఉన్నట్టే. అవతల గోడ తప్ప ఎవరూ లేరు. ఊపిరి పోయాక కుడి చెయ్యి నా చేతిలో వదులైపోయింది. ఎడమది వదులు కాలేదు. నర్సమ్మ వచ్చి సరిచేస్తానంటే, ఉండనియ్యమ్మా అన్నాను.

నా పుస్తెలు తీసేశారు. ఆ బిళ్ళను ఏం చెయ్యాలో మాత్రం మా పెద్దవాళ్లెవరికీ తెలియలేదు. అది ఇంకా నా మెడలోనే ఉంది. ఈ పొద్దు కూడా మొదటి ముద్ద ఆమెకే చూపించి తిన్నాను. కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఏమిటంటే నాకు తెలియదు. ఎవరైనా చదువుకున్నవాళ్లు చెప్తే వింటాను.

రాయడం రానిదాన్ని. ఎక్కడ ఏ అక్షరం తప్పు రాశానో, ఏది ముందు చెప్పాల్సింది వెనక చెప్పానో. ముసలిదాని రాతని పెద్ద మనసుతో క్షమించండి.