పెరుగుదల సున్నా

పెయింటు బ్రష్షుల ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను మిరపకాయక్క అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. తయారైన బ్రష్షును అరచేతి మీద గట్టిగా రుద్ది చూసేది. రెండు వెంట్రుకలు ఊడితే చాలు, కట్టినవాడి చెవుల తుప్పు వదిలిపోయేది. భర్తా మరిదీ కలిసి రేకుల షెడ్డులో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మొదటి బ్రష్షులు కట్టింది ఆవిడే. పెళ్లికాని మరిదికి ఏళ్ల తరబడి వండిపెట్టిందీ ఆవిడే. భర్త పోయాక ఫ్యాక్టరీలో ఆయనకున్న సగం షేర్లు ఆవిడకొచ్చాయి. ఏటా వాటి మీద వచ్చే డివిడెండే ఆవిడకు జీవనాధారం.

ఇప్పుడా సగమూ తనకు అమ్మేయమన్నాడు మరిది. ధర కట్టడానికి ఆడిటర్ని కూర్చోబెట్టాడు. ఆఫీసు గది గోడ అవతల కొత్త యంత్రం దడదడలాడుతుంటే బల్లమీది గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి.

"లెక్క చిన్నదేనండీ," అన్నాడు ఆడిటర్. "కొనేవాళ్లకి ఎంత శాతం రాబడి కావాలో చూస్తాం. అందులోంచి డివిడెండు ఏటా పెరిగే శాతం తీసేస్తాం. వచ్చే ఏడాది డివిడెండుని ఆ మిగిలినదాంతో భాగిస్తే షేరు ధర. మీ డివిడెండు షేరుకి పది రూపాయలు. పెరుగుదల సున్నా. సార్‌కి ఇరవై శాతం రాబడి కావాలి. అంటే షేరుకి యాభై."

"సున్నా ఏమిటి?"

"రెండేళ్లుగా పెరగలేదు కదండీ."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. "ఎలా పెరుగుతుంది? యంత్రం కొనాలి, కాస్త ఓపిక పట్టండి వదినా అని ఆపింది వీడు కాదూ! నా నోటి దగ్గరిది లాక్కుని కొన్న యంత్రం అక్కడ మొత్తుకుంటుంటే, పెరుగుదల సున్నా అని నా మొహాన చెప్తారా? ఆ ఇరవై ఎవరు పెట్టారు?"

"సార్ అడిగారండీ."

"అంటే వీడి ఆశ ఎంత పెరిగితే నా షేరు అంత చవకన్నమాట!"

ఆడిటర్ నసిగాడు. "పెరుగుదల అయిదు, రాబడి పదిహేను అనుకుంటే మాత్రం వచ్చే ఏడాది డివిడెండు పదిన్నర, షేరుకి నూట అయిదు వస్తుందండీ..."

మరిది అతనివైపు ఉరిమి చూశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఈ మహానుభావుడు లెక్కపెట్టి ఊరుకోలేదు, సగం ధరకు బేరం కూడా పెట్టాడు.

"యాభై న్యాయమైన ధరేనా?" అని అడిగింది ఆవిడ.

"న్యాయమే వదినా. మీకెందుకు అన్యాయం చేస్తాను?"

"అయితే ఆ ధరకే నీ సగం నాకు అమ్ము. ఇల్లు తాకట్టు పెట్టి తెస్తాను."

మరిది దిగ్గున లేచాడు. "యాభైకా? మతిపోయిందా మీకు? ఆర్డర్లు రెట్టింపయ్యాయి, వచ్చే ఏడాది డివిడెండు..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆవిడకు నవ్వు రాలేదు. "ఆ వచ్చే ఏడాది నీ షేర్లకేనట్రా వచ్చేది? మీ అన్న షేర్లకు రాదా?"

ఆవిడ చేతిసంచీ తీసుకుంది. "నా షేర్లు అమ్మను. డివిడెండు ఎంతో ఈసారి నా ఎదురుగా తేలాలి. సగం నాది."

బయటికి వస్తూ యంత్రం దగ్గర ఆగి, ఓ కొత్త బ్రష్షు తీసి అలవాటుగా అరచేతి మీద రుద్దింది. ఒక్క వెంట్రుకా ఊడలేదు. దాంతో ఆవిడకు ఇంకా కోపం వచ్చింది.